మొదటిది పెద్దాపరేషన్, రెండోది నార్మల్: నా అనుభవం

మా వైపు ఒకసారి పెద్దాపరేషన్ అయిందంటే ఇంక ప్రతి కాన్పూ ఆపరేషనే. దీని మీద ఎవరూ వాదించరు, అసలు ఇంకో దారి ఉంటుందని కూడా అనుకోరు. నేను రెండోసారి నెల తప్పానని చెప్పగానే అత్తమ్మ సంతోషపడి, ఆ వెంటనే "ఎట్లాగూ కోసుడే గదా బిడ్డా, ఈసారన్నా మంచి నక్షత్రం చూసి పెట్టించుకుందాం" అన్నది. ఆమె తప్పు లేదు. మా చుట్టాల్లో ఈ పదేళ్లలో పుట్టిన పిల్లల్ని లెక్కపెడితే నార్మల్‌గా పుట్టినవాళ్లు వేళ్ల మీదే ఉంటారు.

మాది జనగామ వైపు పల్లె, ఉండేది ఉప్పల్‌లో. పెద్దోడు పుట్టింది మా అమ్మగారింటి దగ్గర టౌన్‌లో, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. తొమ్మిదో నెలలో మామూలు చెకప్‌కి వెళితే ఉమ్మనీరు తగ్గింది, పేగు మెడకు చుట్టుకుంది, ఇంకా ఆగుతామంటే మాకు సంబంధం లేదు అన్నారు. ఆ మాట విన్నాక ఏ ఇంట్లో అయినా ఏం చేస్తారు, సంతకం పెట్టేశాం. సాయంత్రానికల్లా బాబు చేతిలో ఉన్నాడు. బాబు బాగున్నాడు, నేనూ బాగానే ఉన్నాను, కానీ తర్వాత చాలా నెలలు నాకు నడుము నొప్పి కంటే కూడా, నొప్పులు రాకుండానే, నేనేమీ చేయకుండానే అయిపోయిందన్న దిగులు ఉండిపోయింది. ఎవరికైనా చెబితే "తల్లీ పిల్లా క్షేమంగా ఉన్నారు కదా, ఇంకేం కావాలి" అనేవాళ్లు.

ఇదంతా మా ఇంటి సంగతే కాదని తర్వాత తెలిసింది. 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్ అయితే తెలంగాణలో 60.7. రాష్ట్రాల్లో మనమే మొదటి స్థానం. ప్రైవేటు ఆస్పత్రులు మాత్రమే తీసుకుంటే 81.5. అంటే మన రాష్ట్రంలో రెండో కాన్పుకి వెళ్తున్న ఆడవాళ్లలో చాలామంది కడుపు మీద ఇప్పటికే ఒక కుట్టు ఉంటుంది. అయినా ఆ కుట్టు ఉన్నవాళ్లు నార్మల్‌కి ప్రయత్నించొచ్చా లేదా అన్నది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నాకైతే ఆఫీసులో ఒక అక్క ద్వారా తెలిసింది. వాళ్ల చెల్లెలికి మొదటిది సిజేరియన్, రెండోది నార్మల్ అయిందట. డాక్టర్లు దీన్ని వీబ్యాక్ అంటారు.

నేను ముందు వెళ్లిన ఆస్పత్రిలో అడిగితే డాక్టర్ తల కూడా ఎత్తకుండా "మా దగ్గర చేయం, రిస్క్" అన్నారు. చేయం అనడం తప్పు కాదు. ఎందుకంటే దీనికి ఇరవై నాలుగ్గంటలూ ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్, రక్తం అందుబాటులో ఉండాలి, రాత్రి ఫోన్ చేస్తే ఇంటి నుంచి వచ్చే డాక్టర్ ఉన్న చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఇది పెట్టుకోకూడదు. కానీ మా దగ్గర చేయం, ఫలానా చోట చేస్తారు అని చెప్పొచ్చు కదా. ఆ రెండో ముక్క చెప్పకపోవడం వల్లే చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఆ అక్క చెప్పిన రెండో ఆస్పత్రికి వెళ్లాం. అక్కడి మేడమ్ నన్ను పరీక్ష చేయకముందే అడిగిన మొదటి విషయం, "పాత ఆపరేషన్ కాగితాలు ఏవి?" నేను కడుపు మీద గీత చూపించబోయాను. బయట గీత చూసి లోపల ఎలా కోశారో చెప్పలేమమ్మా అన్నారు. ఇది నాకు అసలు తెలియని విషయం. చర్మం మీద అడ్డంగా ఉన్నా లోపల గర్భసంచి మీద నిలువుగా కోసి ఉండొచ్చు, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చినప్పుడో, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నప్పుడో అలా కోస్తారట. గర్భసంచి కింది భాగంలో అడ్డకోత అయితే నొప్పులు తట్టుకుంటుంది, పైన నిలువుకోత అయితే నొప్పుల్లో విడిపోయే ప్రమాదం చాలా ఎక్కువ, వాళ్లకి నార్మల్ ప్రయత్నమే చేయరు. అందుకే ఆ కాగితం లేకుండా మాట్లాడటం అనవసరం అన్నారు.

నా దగ్గర ఉన్నది డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే, అది కూడా బాబు బర్త్ సర్టిఫికెట్‌తో పాటు మా అమ్మ బీరువాలో. అందులో ఎల్ఎస్‌సీఎస్ అని నాలుగక్షరాలు ఉన్నాయి, అంటే కింది భాగంలో కోశారనే. మేడమ్‌కి అది సగం సరిపోయింది, ఆపరేషన్ చేసేటప్పుడు రాసే నోట్స్ కూడా కావాలన్నారు, కోత పక్కకి చీలిందా, కుట్లు ఎలా వేశారు, ఏమైనా ఇబ్బంది వచ్చిందా అన్నవి అందులోనే ఉంటాయని.

ఆ నోట్స్ కోసం మా ఆయన తిరిగిన తిరుగుడు వేరే కథ. మొదట రికార్డులు ఇవ్వరాదన్నారు, తర్వాత సారు లేరన్నారు, తర్వాత పాతవి స్టోర్‌లో ఉన్నాయి, వెతకాలన్నారు. చివరికి ఎవరో చెప్పారు, వైద్య మండలి 2002లో పెట్టిన నియమాల ప్రకారం ఆస్పత్రిలో చేరిన వాళ్ల రికార్డులు మూడేళ్లు దాచాలి, రోగి గానీ వాళ్ల తరఫు వాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో కాపీ ఇవ్వాలి. మా ఆయన తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి, ఆ నియమం కూడా రాసి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకుని వచ్చాడు. కాపీలు వచ్చాయి. పెద్దోడికి అప్పటికింకా మూడేళ్లు నిండలేదు కాబట్టి సరిపోయింది. ఇది చదువుతున్న వాళ్లలో ఎవరికైనా ఆపరేషన్ అయి ఉంటే, రెండోది వద్దనుకున్నా సరే, ఆ నోట్స్ ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి.

ఆ కాగితాల్లో ఉమ్మనీరు సూచీ 8 అని ఉంది. అయిదు కంటే తగ్గితే తక్కువ అంటారట. మేడమ్ ఆ అంకె చూసి ఏమీ అనలేదు, పక్కన రాసుకున్నారు. నేను డాక్టర్‌ని కాదు, ఆ రోజు వాళ్లు ఇంకేం చూశారో నాకు తెలియదు. పేగు మెడకు చుట్టుకోవడం గురించి మాత్రం నేనే అడిగాను. దాదాపు నలుగురు పిల్లల్లో ఒకరికి పుట్టేటప్పుడు అలా ఉంటుంది, చాలామంది నార్మల్‌గానే పుడతారు, అది ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు అన్నారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, కోపమో ఏమో. మా ఆయన "అయిపోయిందాని గురించి ఎందుకు" అన్నాడు. అయిపోయింది నాకు కదా.

ఇక మేడమ్ చెప్పిన లెక్కలు. నాలాగా ఒకే ఒక అడ్డకోత ఉండి, నొప్పులు వాటంతటవే మొదలై ప్రయత్నించే వాళ్లలో నూటికి డెబ్బైకి పైగా నార్మల్ అవుతారు. అంతకుముందు ఒక్క నార్మల్ కాన్పైనా అయి ఉంటే ఇంకా ఎక్కువ. గర్భసంచి కుట్టు విడిపోయే ప్రమాదం రెండు వందల్లో ఒకరికి. చిన్న అంకెలాగే ఉంటుంది కానీ ఆ ఒక్కరి విషయంలో నిమిషాల్లో కడుపు తెరవాలి, బిడ్డ ప్రాణానికీ, గర్భసంచికీ ముప్పు. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పారు. ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్ కంటే, గంటల తరబడి నొప్పులు పడి చివర్లో చేయాల్సి వచ్చే ఆపరేషన్‌లో ఇబ్బందులు ఎక్కువ. అలాగని ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయించుకోవడం కూడా ఊరికే పోదు, ప్రతి కోతతోనూ తర్వాతి కడుపులో మాయ (ప్లాసెంటా) కిందికి జారి పాత కుట్టులోకి వేళ్లూనుకునే ప్రమాదం పెరుగుతుంది, అది చాలా రక్తం పోయే వ్యవహారం. కాబట్టి బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో అందరికీ చూసే గుండె, కిడ్నీలతో పాటు మాయ ఎక్కడ ఉందన్నది ప్రత్యేకంగా చూశారు. పైన, వెనక గోడకి ఉంది. అది తెలిసిన రోజు నాకు సగం పరీక్ష పాసైనట్టు అనిపించింది.

అమ్మకి మాత్రం భయం తగ్గలేదు. "రెండొందల్లో ఒక్కరంటే ఆ ఒక్కదానివి నువ్వైతే?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు లేదు. అందుకే అమ్మనీ, అత్తమ్మనీ ఇద్దర్నీ ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్లాను. నేను చెబితే వినరు, తెల్లకోటు వేసుకున్నావిడ చెబితే వింటారు. మేడమ్ వాళ్లతో ఓపికగా మాట్లాడి, "బలవంతంగా నార్మల్ చేయం, ఏ క్షణంలో అనుమానం వచ్చినా ఆపరేషనే, అందుకే అన్నీ సిద్ధంగా పెట్టుకుంటాం" అన్నారు. అత్తమ్మ బయటికొచ్చాక నక్షత్రం సంగతి ఎత్తలేదు. మామయ్య మాత్రం పంతులు రాసిచ్చిన చీటీ పర్సులోనే ఉంచుకున్నాడని తర్వాత తెలిసింది.

మధ్యలో మామూలు సంగతులు ఎలాగూ ఉన్నాయి. మూడో నెలలో నా హిమోగ్లోబిన్ 9.6. కడుపుతో ఉన్నవాళ్లకి 11 ఉండాలి. పెద్దోడప్పుడు కూడా ఇలాగే ఉండేది, అప్పుడు మాత్రలు ఇచ్చి పంపేవాళ్లు, నేను మింగేదాన్ని, పెరిగేది కాదు. ఈసారి ఎందుకు పెరగడం లేదో అడిగారు. పొద్దున టిఫిన్ అవ్వగానే టీతో పాటు మాత్ర వేసుకునేదాన్ని. టీ, కాఫీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు, కాల్షియం మాత్ర కూడా అంతే, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలట. నిమ్మరసంతోనో, జామకాయ తిన్నాకో వేసుకోమన్నారు. నాలుగో నెలలో నులిపురుగుల మాత్ర ఒకటి వేశారు. అయినా అనుకున్నంత పెరగకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, ఎనిమిదో నెల నిండేసరికి 11 దాటింది. కాన్పు ఏదైనా రక్తం పోతుంది, ఒంట్లో రక్తం లేనివాళ్లకి కొంచెం పోయినా ఎక్కువే, అందుకే దీని మీద మేడమ్ అంత పట్టుబట్టారు. ఆరో నెలలో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలయ్యాక షుగర్ చూశారు. 140 లోపు ఉండాలి, నాకు 128 వచ్చింది. ఆ నీళ్లు తాగడం మాత్రం వేవిళ్ల కంటే ఘోరం.

ఏడో నెల నుంచి ఆస్పత్రిలో క్లాసులకి వెళ్లాను. అక్కడే మిడ్‌వైఫ్ అంటే ఎవరో తెలిసింది. నర్సింగ్ చదివి, కాన్పుల మీద ప్రత్యేకంగా శిక్షణ పొందిన వాళ్లు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2017లో కరీంనగర్‌లో నర్సులకి ఈ శిక్షణ మొదలుపెట్టింది, ఇప్పుడు కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ వీళ్లు ఉన్నారు. నన్ను చూసిన ఆమెని అందరూ అక్కా అనే పిలిచేవాళ్లం. నొప్పి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టకుండా మెల్లగా వదలడం, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని నడుము తిప్పడం, ఎడమ పక్కకి పడుకోవడం నేర్పింది. ఎనిమిదో నెల తర్వాత కింద చర్మం సాగడానికి నూనెతో మర్దనా చేసుకోమని కూడా చెప్పింది, ఇది వినగానే క్లాసులో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వుకున్నాం, ఇంటికెళ్లాక ఎంతమంది చేశారో తెలియదు, నేను చేశాను. భర్తల్ని కూడా రమ్మనేవాళ్లు. మా ఆయన మొదటిసారి మొహమాటపడి బయటే కూర్చున్నాడు, తర్వాత నడుము ఎక్కడ నొక్కాలో నాకంటే బాగా నేర్చుకున్నాడు.

నేను రెండు సంచులు సర్దుకున్నాను. ఒకటి నార్మల్ అయితే ఒక రోజులో ఇంటికి వచ్చేలా, ఇంకోటి ఆపరేషన్ అయితే నాలుగు రోజులు ఉండేలా. ఇది చూసి మా వదిన "నమ్మకం లేదా నీకు" అంది. నమ్మకానికీ నైటీలకీ సంబంధం ఏముంది. ఒక కాగితం మీద ఆపరేషన్ అయితే నాకు ఏం కావాలో కూడా రాసిచ్చాను. థియేటర్‌లో బిడ్డని నాకు వెంటనే చూపించాలి, వీలైతే అక్కడే గుండెల మీద పడుకోబెట్టాలి, నన్ను అడక్కుండా పొడిపాలు పట్టొద్దు. మొదటిసారి ఇవేవీ జరగలేదు. నాకు నిజంగా నార్మల్ కంటే ఇవే ఎక్కువ ముఖ్యం అని ఆ కాగితం రాస్తున్నప్పుడే అర్థమైంది.

డ్యూ డేట్ వచ్చింది, వెళ్లింది. నొప్పుల జాడ లేదు. అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. మామూలు వాళ్లకైతే మందు పెట్టి నొప్పులు తెప్పిస్తారు, కానీ పాత కుట్టు ఉన్నవాళ్లకి ఆ మందులతో కుట్టు విడిపోయే ప్రమాదం పెరుగుతుంది, మామూలుగా వాడే కొన్ని మాత్రలైతే అసలు వాడకూడదు. 41 వారాల దాకా చూద్దాం, బిడ్డ కదలికలు గమనిస్తూ ఉండు, ఉమ్మనీరు, గుండె కొట్టుకోవడం మేం చూస్తుంటాం, అప్పటికీ రాకపోతే ఆపరేషన్ అన్నారు. లోపల వేలితో ఉమ్మనీటి సంచి అంచుని కొంచెం వదులు చేశారు, దాంతో ఒక్కోసారి నొప్పులు మొదలవుతాయట. ఆ రాత్రి వచ్చాయి కానీ తెల్లారేసరికి పోయాయి. దొంగ నొప్పులు. నేను వంటగదిలో నిలబడి ఏడ్చాను, అత్తమ్మ ఏమీ అడగకుండా జొన్నరొట్టె చేసి పెట్టింది.

అసలు నొప్పులు అర్ధరాత్రి దాటాక మొదలయ్యాయి. మొదటి కాన్పు వాళ్లయితే ఇంట్లో కాసేపు తిరగొచ్చు, నాకు మాత్రం క్రమంగా వస్తున్నాయని అనిపించగానే రమ్మన్నారు. పెద్దోడిని అత్తమ్మ దగ్గర నిద్రలోనే వదిలి బయల్దేరాం. వెళ్లగానే చేతికి సూది గుచ్చి ఉంచారు, రక్తం సరిచూడటానికి శాంపిల్ తీసుకున్నారు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు సంతకం కూడా ముందే తీసుకున్నారు. కడుపు చుట్టూ బెల్టు కట్టారు, బిడ్డ గుండె చప్పుడు కాన్పయ్యే దాకా ఆగకుండా రాస్తూనే ఉంది ఆ మిషన్. కుట్టు విడిపోతుంటే ముందుగా తెలిసేది చాలాసార్లు బిడ్డ గుండె చప్పుడులోనేనట. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గకుండా పాత కుట్టు దగ్గర మంట, పోటు ఉంటే వెంటనే చెప్పమన్నారు. ప్రతి నొప్పి తర్వాతా నేను అక్కడ చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని.

తెల్లారేసరికి గర్భసంచి మూతి నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. బెల్టు తీగలు ఎంత దూరం వస్తే అంత దూరంలోనే బంతి మీద కూర్చున్నాను. మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగనిచ్చారు. మా ఆయన నడుము నొక్కుతూనే ఉన్నాడు, ఒక దశలో ఆయన చెయ్యి తగిలినా తిట్టాను. మధ్యాహ్నం దగ్గర పడుతుండగా బిడ్డ గుండె చప్పుడు ఒక్కసారిగా తగ్గింది. గదిలోకి ఒక్కసారే నలుగురు వచ్చారు, నన్ను పక్కకి తిప్పారు, సెలైన్ పెంచారు, మేడమ్ వచ్చి మిషన్ రాస్తున్న కాగితం మీదే చూపు పెట్టి నిలబడ్డారు. థియేటర్‌కి ఫోన్ చేయడం నాకు వినిపించింది. కాసేపటికి చప్పుడు మామూలుకొచ్చింది. "చూద్దాం, ఇంకోసారి ఇలా తగ్గితే ఆగం" అన్నారు. నేను సరే అన్నాను, నిజంగానే సరే అనిపించింది, అప్పటికి నాకు ఎటైనా ఒకటే.

మళ్లీ తగ్గలేదు. ఏడు సెంటీమీటర్ల దగ్గర నేను వెన్నుకి ఇచ్చే నొప్పి తగ్గించే ఇంజెక్షన్ అడిగాను. ఎపిడ్యూరల్. పాత కుట్టు ఉన్నవాళ్లు కూడా తీసుకోవచ్చు. దీని గురించి తర్వాత ఒక చుట్టం "అయితే అది నార్మల్ ఎట్లయితది" అంది. నొప్పి ఎంత పడితే అంత నార్మల్ అని ఎవరు పెట్టారో ఈ లెక్క. ఆ ఇంజెక్షన్ తర్వాత గంటన్నర నిద్రపోయాను, ఆ నిద్ర లేకపోతే చివర్లో ముక్కడానికి శక్తి ఉండేది కాదు. ఉన్నా సరిపోలేదు. చాలాసేపు ముక్కాక తల కనిపిస్తోంది గానీ బయటికి రాలేదు, మేడమ్ వాక్యూమ్ పెట్టి సాయం చేశారు. మూడు కిలోల చిల్లర బరువుతో పాప. తుడిచి తుడవకుండానే నా గుండెల మీద వేశారు. బొడ్డుతాడు వెంటనే కోయలేదు, ఒకటి రెండు నిమిషాలు ఆగితే బిడ్డకి మాయలోని రక్తం, దాంతో పాటు ఐరన్ వెళ్తుందట. గంటలోపే ముర్రుపాలు తాగింది. పెద్దోడు నా దగ్గరికి వచ్చేసరికి అప్పటికే పొడిపాలు తాగి నిద్రపోతున్నాడు.

సాయంత్రం నేనే లేచి బాత్రూమ్‌కి నడిచాను. ఇది చూసి అమ్మ ఏడ్చింది. అయితే నార్మల్ అంటే ఏ బాధా ఉండదనుకోకండి. చర్మం చిరిగి లోపల కండ దాకా కుట్లు పడ్డాయి, రెండు వారాలు సరిగ్గా కూర్చోలేకపోయాను, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చుంటేనే ప్రాణం కుదుటపడేది. తుమ్మినా, నవ్వినా మూత్రం చుక్కలు పడేవి. ఇది ఎవరూ చెప్పరు, ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే అందరికీ ఉన్నదే, అదే పోతుంది అంటారు. కొందరికి ఏళ్ల తరబడి పోదు, వాళ్లు పెళ్లిళ్లలో బయటికి కూడా సరిగ్గా రారు. ఆస్పత్రిలో ఫిజియో ఆమె కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పింది, మూత్రం ఆపుకున్నట్టు బిగించి కొన్ని క్షణాలు పట్టి వదలాలి, రోజూ, నెలల పాటు. పాపకి పాలిచ్చేటప్పుడల్లా చేస్తున్నాను, లేకపోతే గుర్తుండదు.

బాలింత పథ్యం విషయంలో అమ్మతో రోజూ ఏదో ఒకటి. వెల్లుల్లి కారం, కాయం, వామన్నం వరకు నాకు ఇష్టమే. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుంది, కుట్లకి చీము పడుతుంది అని గ్లాసుతో కొలిచి ఇవ్వడం మాత్రం ఒప్పుకోలేదు, పాలిచ్చే తల్లికి దాహం వేసినంత తాగాలి. చివరికి వాము వేసి కాచిన నీళ్లైతే ఎన్నైనా తాగొచ్చని అమ్మే ఒక దారి కనిపెట్టింది. చెవుల్లో దూది పెట్టించుకున్నాను, దాని వల్ల నష్టమేం లేదు. సాంబ్రాణి పొగ పాప ఉన్న గదిలో వేయనివ్వలేదు.

మొదటిసారి పట్టిన దిగులు మళ్లీ వస్తుందేమోనని భయపడ్డాను. మొదటి వారంలో కారణం లేకుండా ఏడుపు వచ్చేది, అది చాలామందికి ఉంటుంది, రెండు వారాలు దాటినా పోకపోతే చెప్పాలి అని డిశ్చార్జ్ రోజే మా ఆయనకి కూడా చెప్పి పంపారు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఫ్రిజ్ మీద అంటించాం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్ చేయాల్సిన అవసరం రాలేదు. పెద్దోడప్పుడు ఇలాంటిది ఒకటి ఉందని మాకు తెలిసి ఉంటే తప్పకుండా చేసేదాన్ని.

ఖర్చు అడుగుతారని రాస్తున్నాను. ఎపిడ్యూరల్, గది, అన్నీ కలిపితే ఆపరేషన్ ప్యాకేజీకి కొంచెం తక్కువ అయింది, పెద్ద తేడా లేదు.

పాపకి ఇప్పుడు ఐదో నెల. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా ఆరు నెలలు వేసుకోవాలి, ఇంకా నడుస్తున్నాయి. కాపర్-టీ ఆరు వారాల చెకప్‌లో వేయించుకున్నాను, మొదటి రెండు నెలసరులు ఎక్కువగా అయ్యాయి కానీ సర్దుకుంది. మూత్రం చుక్కలు బాగా తగ్గాయి, జలుబు చేసినప్పుడు తప్ప. నాకు ముప్పై దాటాయి కాబట్టి గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ పరీక్ష చేయించుకోమని మేడమ్ చెప్పారు, వచ్చే వారం వెళ్లాలి. అత్తమ్మకి యాభై ఎనిమిదేళ్లు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పరీక్ష చేయించుకోలేదట. నాతో పాటు ఆమెకి కూడా టైమ్ తీసుకున్నాను. "నాకెందుకే, నాకేమైంది" అంటోంది, చూడాలి.